ఇంటీరియర్ పీకించిన ఎనిమిది నెలలకు: 96 కిలోలు తగ్గించాను, 20 కిలోలు తిరిగి పెట్టించాను

ఇది ఒక గ్యారేజ్ చేసిన పని మీద రివ్యూ. స్పోర్ట్స్ కారు లోపలి సామాను విప్పేసి, ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే బకెట్ సీట్లు బిగించి, బరువు తగ్గించి ఇచ్చే సర్వీస్. గ్యారేజ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పని చేయించుకోవాలనుకునేవాళ్లకి పనికొచ్చేది పేరు కాదు, ఏం తీయించాలి, ఏం తీయించకూడదు, పని అప్పగించే ముందు ఏం అడగాలి అన్నదే. నేను అవి అడగకుండానే తాళాలు చేతిలో పెట్టేశాను.

నా బండి రెండు లీటర్ల టర్బో లేని ఇంజిన్, రియర్ వీల్ డ్రైవ్ కూపే, 200 హార్స్‌పవర్. సగం ట్యాంక్ పెట్రోల్‌తో నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూస్తే 1252 కిలోలు. నెలకి ఒకటో రెండో ట్రాక్ డేలు (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజులు), మిగతా రోజుల్లో అప్పుడప్పుడు రోడ్డు మీద. ఈ రోడ్డు సంగతే నేను సరిగ్గా ఆలోచించలేదు.

పవర్ పెంచుకోవచ్చు కదా, బంగారం లాంటి ఇంటీరియర్ పీకడం ఎందుకు అని చాలామంది అడిగారు. పవర్ పెంచితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే లాభం. బరువు తగ్గితే యాక్సిలరేటర్ తొక్కినా, బ్రేక్ తొక్కినా, స్టీరింగ్ తిప్పినా లాభమే, పైగా టైర్లూ బ్రేక్ ప్యాడ్లూ కూడా ఎక్కువ రోజులు వస్తాయి. టైరు సంగతి ఇంకోటి ఉంది: టైరు మీద బరువు రెట్టింపు చేస్తే గ్రిప్ రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే అవే టైర్లు తేలికైన బండికి వేస్తే మలుపులో ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాయి.

లెక్క వేసి చూద్దాం. 1252 కిలోలకి 200 హార్స్‌పవర్ అంటే టన్నుకి దాదాపు 160. పని అయ్యాక 1156 కిలోలు, అంటే టన్నుకి 173. పాత బరువు మీద అదే నిష్పత్తి రావాలంటే ఇంజిన్ 216 హార్స్‌పవర్ దాకా ఇవ్వాలి. టర్బో లేని ఇంజిన్ నుంచి ఆ 16 రాబట్టడానికి హెడర్లు, ఎగ్జాస్ట్, ట్యూనింగ్ అంటూ చాలా దూరం వెళ్లాలి, అంత చేసినా బ్రేకుల మీద భారం తగ్గేది లేదు. 180 కిలోమీటర్ల వేగం నుంచి బండిని పూర్తిగా ఆపితే ఆ 96 కిలోల వల్లే 120 కిలోజూల్స్ వేడి బ్రేకుల్లో పుడుతుంది. ఒకటిన్నర లీటర్ల నీళ్లని దాదాపు 19 డిగ్రీలు వేడెక్కించేంత వేడి అది. ల్యాప్‌లో ఎన్ని సార్లు గట్టిగా బ్రేక్ వేస్తామో ఆలోచించండి.

అసలు ఈ పని కంపెనీలే ఎప్పుడో చేశాయి. పోర్షే 1973 మోడల్ 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 తేలిక వెర్షన్‌లో వెనక సీట్లు లేవు, లోపల తలుపు లాగడానికి హ్యాండిల్ బదులు ఒక పట్టీ. హోండా 1992లో ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్ కోసం మామూలు ఎన్‌ఎస్‌ఎక్స్ నుంచి 120 కిలోలు తీసేసింది, శబ్దం ఆపే షీట్లు, ఆడియో, మామూలు సీట్లు అన్నీ పోయాయి. రెనో 2008లో మెగాన్ ఆర్26.ఆర్‌లో వెనక సీట్లు ఎత్తేసి, వెనక అద్దాలకి గాజు బదులు పాలికార్బనేట్ వేసి 123 కిలోలు తగ్గించింది. ఇవన్నీ చదివి ఉత్సాహం వచ్చి నేనూ మొదలుపెట్టాను. కానీ హోండావాళ్లు బరువు తీసేసి ఊరుకోలేదు, స్ప్రింగులూ సస్పెన్షనూ కూడా కొత్తగా సెట్ చేశారు. నేను పట్టించుకోనిది, గ్యారేజ్ నాకు చెప్పనిది సరిగ్గా అదే.

ఇక పని గురించి. గ్యారేజ్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది, విప్పిన ప్రతి వస్తువునీ నా ముందే కాటా మీద పెట్టి, బరువు రాసి, దాని బోల్టులు విడిగా కవర్లో వేసి, ఎక్కడివో దాని మీద రాసి పెట్టారు. ఇలా చేయని చోట మాత్రం బండి ఇవ్వకండి. మొదటి సగం రోజులో స్టెప్నీ, జాకీ, పానలు, వాటి ఫోమ్ ట్రే కలిపి 17.5 కిలోలు బయటికొచ్చాయి. తర్వాత వెనక సీట్లు, వాటి బెల్టులతో సహా, డిక్కీకీ క్యాబిన్‌కీ మధ్య ఏర్పడే ఖాళీని మూసే అల్యూమినియం షీటు బరువు పోను 16.5. ఆ షీటు వద్దని బరువు లెక్క చూసుకునేవాళ్లు ఉన్నారు, దయచేసి వద్దనకండి, వెనక సీటు కింద, దాని వెనక చాలా బండ్లలో పెట్రోల్ ట్యాంక్ ఉంటుంది, డిక్కీలోంచి ఎగ్జాస్ట్ పొగ లోపలికి రాకుండా ఆపేదీ ఆ గోడే. ముందు సీట్లు రెండూ కలిపి 37 కిలోలు తూగాయి, కొత్త బకెట్ సీట్లు రైల్స్, బ్రాకెట్లతో సహా 21, అంటే మిగిలింది 16. ఈ మూడింటితోనే సరిగ్గా 50 కిలోలు తగ్గింది. ఏదీ కోయలేదు, ఏదీ పగలగొట్టలేదు, రేపు కావాలంటే అన్నీ తిరిగి బిగించుకోవచ్చు.

నేను అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు.

డిక్కీ లైనింగ్, వెనక ప్లాస్టిక్ ప్యానెళ్లు 6.5. స్పీకర్లు, ఆంప్లిఫయర్, డిక్కీలోని ఊఫర్ 6. కార్పెట్, దాని కింద అతికి ఉన్న మందపాటి ఫెల్ట్ కలిపి 11. ఏసీ కంప్రెసర్, కండెన్సర్, పైపులు అన్నీ కలిపి 15.5. ఏసీ తీసేటప్పుడు గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా మెషిన్‌తో వెనక్కి లాగారు, అది సరైన పద్ధతి, దానికి మంచి మార్కులు వేస్తాను.

చివర్లో మిగిలినవి తారు షీట్లు. ఫ్లోర్ రేకు మోగకుండా కంపెనీ అతికించే నల్లటి షీట్లు అన్నమాట. వాటిని తీయడానికి డ్రై ఐస్ వాడారు. అది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది, ముక్కలు పరిచి కాసేపు ఉంచితే తారు గాజులా పెళుసుబారుతుంది, అప్పుడు చిన్న సుత్తితో తడితే పెళపెళమని ఊడి వస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి, డ్రై ఐస్ కరిగి నీళ్లవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అవుతుంది, అది గాలికన్నా బరువు కాబట్టి కారు ఫ్లోర్‌లోనే పేరుకుంటుంది. తలుపులన్నీ తీసి, ఆరుబయట, మందపాటి గ్లవ్స్ వేసుకుని చేయాలి, తల లోపల పెట్టి కూర్చోకూడదు. ఇంతా చేసి, ఒక మనిషి రోజంతా కష్టపడితే వచ్చింది 7 కిలోలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అయింది. పైగా మొత్తం పనిలో వెనక్కి తీసుకోలేనిది ఇదొక్కటే.

సీట్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మొత్తం పనిలో పెట్టిన ప్రతి పైసాకీ న్యాయం చేసినవి అవే. ఫైబర్‌గ్లాస్ షెల్, వెనక్కి వాలని ఫిక్స్‌డ్ రకం, వెనకాల మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ వాళ్ల 8855-1999 ప్రమాణం లేబుల్ ఉంది. ఆ లేబుల్ మీద తయారీ తేదీ చూసుకోండి, ఆ ప్రమాణం ప్రకారం సీటు గడువు ఐదేళ్లు, పోటీల్లోకి దిగేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇక్కడే దెబ్బ తింటారు. గ్యారేజ్‌వాళ్లు నన్ను హెల్మెట్ పెట్టుకుని అరగంట కూర్చోబెట్టారు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉందా, భుజం సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీదకి వస్తోందా, తల పైకప్పుకి తగలట్లేదు కదా, అన్నీ చూసి అప్పుడే బ్రాకెట్లకి రంధ్రాలు పెట్టారు. పాత సీటు కన్నా మూడు సెంటీమీటర్లు కిందికి కూర్చుంటున్నాను. క్యాబిన్‌లో అన్నిటికన్నా బరువైన వస్తువు డ్రైవరే కదా, ఆ బరువు కిందికి దిగితే బండి గురుత్వ కేంద్రం కూడా దిగుతుంది, ఇది కాటా మీద కనపడని లాభం. ఇంతకు ముందు పొడుగాటి మలుపుల్లో జారిపోకుండా మోకాలిని తలుపు వైపో కన్సోల్ వైపో నొక్కి పెట్టుకునేవాణ్ణి, స్టీరింగ్‌ని పట్టుకుని వేలాడేవాణ్ణి. ఇప్పుడు నడుము సీటులోనే ఉంటుంది, చేతులకి స్టీరింగ్ తిప్పడం ఒక్కటే పని, ముందు టైర్లు ఏం చేస్తున్నాయో వేళ్లకి తెలుస్తోంది. దిగడం ఎక్కడం కష్టమే, పక్క అంచులు ఎత్తుగా ఉంటాయి, నడుము వెడల్పు కొలవకుండా సీటు మాత్రం ఆర్డర్ చేయకండి.

బెల్ట్ విషయంలో నేను కంపెనీ మూడు పాయింట్ల బెల్టే ఉంచుకున్నాను. హార్నెస్, అంటే రెండు భుజాల మీదుగా పట్టీలు వచ్చే రేసింగ్ బెల్ట్, వేయించమని చాలామంది అంటారు, కానీ దానికి భుజాల పట్టీలు భుజాల ఎత్తునుంచి దాదాపు సమాంతరంగా వెనక్కి వెళ్లి ఒక బలమైన బార్‌కి బిగుసుకోవాలి. వెనక ఫ్లోర్‌కి బిగిస్తే గుద్దుకున్నప్పుడు పట్టీలు వెన్నెముకని కిందికి నొక్కేస్తాయి. రోల్ కేజ్ (బండి బోల్తా పడినా పైకప్పు నలగకుండా లోపల బిగించే గొట్టాల చట్రం) కూడా అంతే, హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగే బండిలో తల పక్కన ఇనప గొట్టం ఉండటం ప్రమాదం. ట్రాక్‌కి మాత్రమే బండి ఉన్నవాళ్లు కేజ్, హార్నెస్, గుద్దుకున్నప్పుడు మెడని కాపాడే హాన్స్ పరికరం మూడూ కలిపి చేయించుకోండి, నాలాగా రెండు చోట్లా తిప్పేవాళ్లు మాత్రం ఆలోచించి చేయండి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. కంపెనీ సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు, ప్రయాణికుడి సీటులో బరువు పసిగట్టే సెన్సర్ ఉంటాయి. విప్పే ముందు బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, అప్పుడే పసుపు రంగు కనెక్టర్లు ఊడదీశారు, అంతవరకు బాగానే చేశారు. కానీ ఆ కనెక్టర్లకి టేప్ చుట్టి సీటు కింద వదిలేశారు. డాష్‌బోర్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూనే ఉంది, అడిగితే "సీట్లు మార్చితే అది మామూలే సార్, పట్టించుకోకండి" అన్నారు. మూడు వారాలు అలాగే తిరిగాను. తర్వాత ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ తెలిసిన ఇంకో టెక్నీషియన్ దగ్గరికి వెళ్తే, ఆ లైట్ వెలుగుతూ ఉంటే చాలా బండ్లలో స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేయకపోవచ్చని చెప్పి, సిస్టమ్ మొత్తం చెక్ చేసి సరిచేసి ఇచ్చాడు. సీట్లలోని సైడ్ ఎయిర్‌బ్యాగులు ఎలాగూ పోయాయి, అవి లేవన్న సంగతి నాకు తెలుసు, నా పక్కన కూర్చునేవాళ్లకి కూడా చెప్తాను. మొదటి గ్యారేజ్ ఇది పని ఒప్పుకునే రోజే చెప్పి ఉండాల్సింది. ప్రాణానికి సంబంధించిన లైట్‌ని పట్టించుకోవద్దనడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ట్రాక్ మీద ఎలా ఉంది అంటే, చాలా బాగుంది. అవే టైర్లు, అవే ప్యాడ్లు, రెండు నిమిషాల ఆరు సెకన్ల ల్యాప్ 1.7 సెకన్లు తగ్గింది. అందులో కొంత భాగం సీటు ఇచ్చిన ధైర్యమే. మలుపుకి ఇంకాస్త దగ్గరికి వెళ్లాక బ్రేక్ వేసినా సరిపోతోంది, గేర్ తగ్గించి బయటికి వస్తున్నప్పుడు బండి చురుగ్గా దూకుతోంది, ఇరవై నిమిషాల సెషన్ చివర్లో కూడా బ్రేక్ పెడల్ మెత్తబడలేదు. కానీ రెండో సెషన్‌లోనే ఒకటి గమనించాను, వేగంగా వెళ్తూ గట్టిగా బ్రేక్ వేస్తే వెనక భాగం తేలిపోతున్నట్టు, అటూ ఇటూ కదులుతున్నట్టు ఉంది, ఏబీఎస్ కూడా ముందుకన్నా తొందరగా వస్తోంది. కాటాల మీద పెట్టి చూస్తే కారణం దొరికింది. తీసేసిన 96 కిలోల్లో దాదాపు 60 వెనక చక్రాల మీదవి. ముందు, వెనక చక్రాల మధ్య 54:46 ఉన్న బరువు పంపకం 55:45 దాటింది, వెనక స్ప్రింగుల మీద భారం తగ్గి బండి వెనక దాదాపు ఒక సెంటీమీటర్ పైకి లేచింది, దాంతో చక్రాల వాలు (క్యాంబర్), అవి చూసే దిశ (టో) అన్నీ మారిపోయాయి, చివరికి హెడ్‌లైట్లు కూడా కొంచెం కిందికి చూస్తున్నాయి. ఎత్తు సరిచేసి, అలైన్‌మెంట్ చేయించి, వెనక డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) రెండు క్లిక్కులు మెత్తగా పెట్టాక బండి మళ్లీ దారిలో పడింది. బరువు తీసే ప్రతి గ్యారేజ్ ఈ పనిని కూడా కలిపే చేయాలి. ముందు చక్రాల డ్రైవ్ బండ్లలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, వాటిలో వెనక ఎలాగూ తేలిక, వెనకాల అంతా ఖాళీ చేస్తే వెనక చక్రాలు తొందరగా లాక్ అయ్యే అవకాశం పెరుగుతుంది.

రోడ్డు మీద మాత్రం వేరే కథ. కార్పెట్, ఫెల్ట్, తారు మూడూ పోయాక చక్రం ఎగరేసే ప్రతి రాయీ రేకు డబ్బాలో వేసినట్టు మోగుతుంది, వెనక డిఫరెన్షియల్ సన్నగా ఈల వేస్తుంది, 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక గుంయ్‌మనే శబ్దం పట్టుకుని వదలదు. గంట ప్రయాణం చేసి దిగితే చెవులు గింగురుమంటాయి, ఇప్పుడు ఇయర్‌ప్లగ్స్ లేకుండా బయల్దేరను. ఆ ఫెల్ట్ శబ్దాన్నే కాదు, గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్ నుంచి వచ్చే వేడిని కూడా ఆపుతుందని అది పోయాకే అర్థమైంది, ఫ్లోర్ మధ్యలో గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ పక్కన కాలు పెట్టలేకపోయాను. ఫ్లోర్‌లో రెండు రబ్బరు బిరడాలు పెట్టడం మర్చిపోయారు, వానలో లోపలికి నీళ్లు చిమ్మాయి. చిన్న పొరపాటే, నేనే పెట్టుకున్నాను, కానీ కార్పెట్ కింద ఇలాంటిది జరిగితే రేకు తుప్పు పట్టేదాకా తెలిసేది కాదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఏసీ. చెమట గురించి కాదు, అది నేను ముందే సిద్ధపడ్డాను. ఏసీ గాలిలో తేమని కూడా తీస్తుంది. మొదటి వానలో అద్దాల లోపల మంచు పట్టి, బ్లోయర్ పూర్తిగా తిప్పినా వెంటనే పోక, చేత్తో తుడుచుకుంటూ నడపాల్సి వచ్చింది. ఎదురుగా ఏం వస్తోందో సరిగ్గా కనపడకుండా నడపడం కన్నా భయంకరమైనది లేదు. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 గుర్తొచ్చింది అప్పుడు. కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు తీయడానికి ఒక తీగ లాగాలి, అంత పీనాసిగా బరువు చూసుకున్న బండిలో కూడా ఏసీ ఉంచారు. వాళ్లే ఉంచారంటే నేనెందుకు తీయించానో!

కాబట్టి నాలుగో నెలలో ఏసీ తిరిగి పెట్టించాను, 15.5 కిలోలు వెనక్కి వచ్చాయి. ఫెల్ట్ ఊడదీసి కార్పెట్ మాత్రం వేయించి, టన్నెల్ మీద పల్చటి హీట్ షీల్డ్ అతికించాను, అదంతా కలిపి 4 కిలోలు. బండి ఇప్పుడు 1175.5 కిలోలు, మొదటి తూకం మీద 76.5 తక్కువ. అదే ట్రాక్ మీద ల్యాప్ టైమ్ పోయింది దాదాపు 0.3 సెకన్లు. ఆ 0.3 కోసం నాలుగు నెలలు చెవులూ కాళ్లూ కళ్లూ అన్నీ ఇబ్బంది పెట్టుకున్నాను.

గ్యారేజ్‌కి 5కి 3.5 ఇస్తాను. విప్పడం, తూకం, బోల్టుల కవర్లు, సీట్ల బిగింపు, వీటికి పూర్తి మార్కులు, ఒక్క క్లిప్ విరగలేదు, ఒక్క వైరు కోయలేదు, అందుకే నాలుగు నెలల తర్వాత ఏసీ గంటల్లోనే తిరిగి కూర్చుంది. ఎయిర్‌బ్యాగ్ నిర్లక్ష్యానికి ఒక మార్కు, బరువు తీశాక అలైన్‌మెంట్ మాట ఎత్తనందుకు అర మార్కు తీసేశాను. బండి ఇచ్చేటప్పుడు ఏది తీయాలో మీరే రాసి ఇవ్వండి, "అంతా తీసేయండి" అని నాలాగా నోటితో చెప్పకండి. ఇన్సూరెన్స్‌వాళ్లకి మార్పులు ముందే తెలియజేయండి, రోడ్డు మీద తిప్పే బండిలో ఏవి తీయొచ్చో మీ దగ్గరి నిబంధనలు చూసుకోండి.

నా స్నేహితుడు వచ్చే నెల తన బండి అక్కడికే తీసుకెళ్తున్నాడు. కాగితం మీద మూడే రాసి ఇచ్చాను: స్టెప్నీ, వెనక సీట్లు, ముందు సీట్లు. స్టెప్నీ బదులు పంక్చర్ కిట్, గాలి పంపు పెట్టుకోమన్నాను. కాగితం వెనక వైపు ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరిపోయి, అలైన్‌మెంట్ చేశాకే డబ్బులు ఇవ్వమని రాశాను.